ముందు ఊపిరి నేర్పండి

సిలిండర్ వీపున వేసుకుని సముద్రంలోకి దిగేవాళ్లకు చెప్పాల్సిన మొదటి మాట: ఎంత భయమేసినా ఊపిరి బిగబట్టొద్దు. పది మీటర్ల లోతులో మన మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి తేలితే, అదే గాలి రెండింతలకు ఉబ్బబోతుంది. ఊపిరితిత్తులు చిరుగుతాయి, ప్రాణం పోవచ్చు. రెండో మాట చెవుల గురించి. కొద్ది లోతుకు దిగగానే నీరు కర్ణభేరిని నొక్కుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది ఆ ఒత్తిడిని సరిచేసుకోవాలి, సర్దుకోకపోతే అక్కడే ఆగిపోవాలి. ఇవి వింటే వచ్చేవి కావు. నడుములోతు నీళ్లలో మళ్లీ మళ్లీ చేస్తేనే ఒంటికి అలవాటవుతాయి.

దసరా సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు మా అమ్మాయి, నేను ఎంతో ఆశపడి స్కూబాకు దిగాం. ఆదిలాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లకు నీళ్లంటే కుంటాల జలపాతం, కడెం ప్రాజెక్టు, వానాకాలం పొంగే వాగులు. సముద్రం అడుగు చూడటం మాకు చిన్న కోరిక కాదు. డబ్బులు కట్టాం, కాగితాల మీద సంతకాలు పెట్టాం. నడుముకు సీసం బరువులు కట్టారు, నోట్లో గాలి అందించే రెగ్యులేటర్ పెట్టారు. "చెవి నొప్పి పుడితే ఏం చేయాలి బాబూ?" అని అడిగాను. "ఏం పర్లేదండీ, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నాడా కుర్రాడు. వెనక నుంచి సిలిండర్ పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. అంతా ఆకుపచ్చ మసక. చాపిన చేతి వేళ్లు కంటికి ఆనలేదు. చెవి పోటు మొదలైంది. అప్పుడే ఎదురుగా కెమెరా వచ్చింది, బొటనవేలు పైకెత్తమని సైగ చేశారు.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ బొటనవేలే. డైవర్ల సైగల్లో బొటనవేలు పైకెత్తితే 'పైకి పోదాం' అని అర్థం. అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. నీళ్లలో నోరు పనిచేయదు, సైగ ఒక్కటే దిక్కు. వీడియో కోసం దిగిన ప్రతివాళ్లతో ఆ వేలు ఎత్తిస్తుంటే, నిజంగా ఊపిరాడక వేలెత్తిన మనిషిని ఎలా గుర్తుపడతారు? నా పక్కన ఉన్నది నా బిడ్డ.

నీళ్ల మీద మాత్రం నాకు కోపం లేదు. వానాకాలం నదులు మోసుకొచ్చే ఒండ్రు, అలలు లేపే ఇసుక ఉన్నంతకాలం మన తూర్పు తీరం నీళ్లు అలా మసకగానే ఉంటాయి. మా చేలల్లోని నల్లరేగడి పెన్‌గంగలో కలిసి, వార్ధా, ప్రాణహితల మీదుగా కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడి, ఆనకట్టలు ఆపినంత ఆపగా మిగిలింది బంగాళాఖాతానికే చేరుతుంది. 'ఈరోజు నీళ్లు మసకగా ఉన్నాయి, ఏమీ కనబడదు' అని డబ్బులు తీసుకునే ముందే చెప్తే ఒడ్డున కూర్చుని అలలు చూసుకునేవాళ్లం.

యంత్రంతో ఊపిరి తీయడం బొగ్గుగనుల జిల్లాలకు కొత్త కాదు. రామగుండంలో సింగరేణి రెస్క్యూ స్టేషన్ ఉంది. పొగ, విషవాయువు నిండిన గనిలోకి దిగాల్సినవాళ్లు అలాంటి చోట ముందు ఆ పరికరం పెట్టుకుని నడవడం, బరువులు మోయడం నేర్చుకుంటారు. శిక్షణ అయిపోయాక కూడా సాధన ఆపరు. అసలు గనికీ సముద్రానికీ ఈ విద్యలో చుట్టరికం ఉంది. 1880లో బ్రిటన్‌లో కడుతున్న సెవర్న్ సొరంగం నీట మునిగి ఉన్నప్పుడు, అలెగ్జాండర్ లాంబర్ట్ అనే డైవర్ హెన్రీ ఫ్లూస్ తయారుచేసిన ఆక్సిజన్ పరికరం తగిలించుకుని, చిమ్మచీకట్లో లోపలిదాకా పోయి ఇనుప తలుపు మూసి వచ్చాడు. ఆ పరికరం వారసులే తర్వాత గనుల రెస్క్యూలో వాడుకలోకి వచ్చాయి. పీల్చినప్పుడే గాలి అందించే ఇప్పటి రెగ్యులేటర్ 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గన్యాన్ చేతుల్లో రూపుదిద్దుకుంది.

పాడి (PADI) అనే అంతర్జాతీయ డైవింగ్ శిక్షణ సంస్థ మొదటి పూర్తి కోర్సులో ముందు కొలనులో సాధన, ఆపైన బయటి నీళ్లలో నాలుగు డైవ్‌లు ఉంటాయి. అవన్నీ అయ్యాకే 18 మీటర్ల దాకా దిగే అర్హత. సెలవుకొచ్చిన వాళ్లకు అంతా నేర్పమని ఎవరూ అడగరు. ఒక గంట కొలనులో ఊపిరి, చెవులు, సైగలు నేర్పమని అడగొచ్చు. అవి రానివాళ్లను దింపొద్దని అడగొచ్చు.

మా దిక్కు ఈ విద్య అవసరమైనవాళ్లు ఉన్నారు. బాసరలో గోదావరి స్నానాలకు వచ్చినవాళ్లు మునిగితే ముందు దూకేది గజ ఈతగాళ్లే. సిలిండర్ ఉండదు, మాస్కు ఉండదు. ఒక్క ఊపిరి మీద, ఒండ్రు నీళ్లలో చేతులతో తడుముతూ వెతుకుతారు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ఆలోపు వాళ్లలో ఇష్టపడిన యువకులకు ప్రభుత్వ ఖర్చుతో పూర్తి డైవింగ్ శిక్షణ ఇప్పించాలి. చూపు ఆనని నీళ్లలో నడుముకు తాడు కట్టుకుని, తాడు గుంజుళ్లతోనే గట్టు మీదివాళ్లతో మాట్లాడుతూ వెతికే పద్ధతి నేర్పాలి. సిలిండర్లు, వాటిని నింపే కంప్రెసర్ బాసరలోనే ఉండాలి. నిర్మల్ జిల్లా అధికారులు ఈ పని పుష్కరాల వారం ముందు కాకుండా ఇప్పుడే మొదలుపెట్టాలి.