చిల్లర పద్దు

పదిహేనేళ్ళ కిందట ఒక కథల సంపుటి మీద సమీక్ష రాశాను. రచయిత్రి అప్పటికే డెబ్బై దాటిన మనిషి. ఇప్పుడు లేరు కనుక పేరు చెప్పను. ఆ కథల్లో గ్యాసు బండ ఇంకా ఎన్ని రోజులు వస్తుందో వేళ్ళమీద లెక్కపెట్టుకునే ముసలావిడ ఉంది. కరెంటు బిల్లు వచ్చిన రోజు భర్తతో మాట్లాడని ఆవిడ ఉంది. స్వెట్టర్ అల్లుతూ ఉన్ని అయిపోతే మళ్ళీ కొనడం దండగని సగంలో ఆపేసిన ఆవిడ ఉంది. "దైనందిన వివరాల్లో మునిగిపోయి రచయిత్రి జెండర్ చైతన్యం దాకా రాలేకపోయారు" అని తీర్పు చెప్పాను. ఆ వాక్యం అప్పుడు నాకు బాగానే కనిపించింది, ఒకరిద్దరు ఫోన్ చేసి మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు నాకు అరవై తొమ్మిది. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

మన విమర్శకి వంటిల్లు బాగా తెలుసు. విమల 'వంటిల్లు' కవిత తర్వాత వంటింటి గురించి తియ్యగా మాట్లాడటం ఎవరికైనా కష్టమే అయింది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' తర్వాత, ఇల్లు అలికే చేతి వెనక పేరు పోగొట్టుకున్న మనిషి ఉందని అందరం ఒప్పుకున్నాం. అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు' పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళింది. పాతికేళ్ళు ఈ మూడింటినీ క్లాసులో చెప్పాను. చెప్పిందే చెప్పాను. ఈమధ్య ఆ రెండు కథలూ మళ్ళీ చదివితే, అంతకాలం నేను పక్కనుంచి నడిచి వెళ్ళిపోయిన వస్తువులు కనబడ్డాయి.

'ఇల్లలకగానే'లో శారదకి తన పేరు ఎవరిచ్చారు? భర్త కాదు, పిల్లలు కాదు, ఇరుగుపొరుగు కాదు. చిన్ననాటి స్నేహితురాలు ఇచ్చింది. అయితే ఆ స్నేహితురాలు పేరొక్కటే చెప్పి ఊరుకోలేదు. బాగా చదివేదానివని, పాడేదానివని, బొమ్మలు వేసేదానివని కూడా గుర్తు చేసింది. అంటే పేరు బొమ్మల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మేం క్లాసులో పేరు పట్టుకుని అస్తిత్వం గురించి గంటసేపు మాట్లాడి, బొమ్మల్ని అక్కడే వదిలేశాం.

'బోన్సాయ్ బ్రతుకు'లో హాబీ ఏకంగా కథకి కేంద్రం. ఉద్యోగం చేసుకునే చెల్లెలు ఇష్టంగా పెంచుకున్న మరుగుజ్జు చెట్లని చూసి, పెద్ద చదువులు లేని అక్కయ్య అందులో ఆడదాని పెంపకాన్ని చూస్తుంది. విమర్శకులందరం అక్కయ్య పక్షాన నిలబడ్డాం, నిలబడాల్సిందే. కానీ ఆ కుండీల్లో నీళ్ళు పోసి, కొమ్మలు కత్తిరించి, తన జీతంలోంచి వాటికి ఖర్చుపెట్టిన చెల్లెలి చేతుల గురించి ఒక్క వాక్యమూ రాయలేదు. ఒక కథలో సరదా పని మనిషిని తిరిగి నిలబెడుతుంది, ఇంకో కథలో అదే కురచ చేసే కత్తెరగా కనిపిస్తుంది. రెండూ నిజమే. నాకు తోచే ప్రశ్న వేరు. శారదకి డెబ్బై ఏళ్ళు వచ్చాక రంగులు ఎవరు కొంటారు? ఏ పద్దులోంచి?

రిటైరైన మగవాడు గులాబీలు పెంచితే దాన్ని హాబీ అంటారు. ఆయన భార్య లేసు అల్లితే అది కాలక్షేపం. ఈ 'కాలక్షేపం' అన్న మాట మీద కాస్త నిలబడాలి. మా అమ్మ పుట్టిల్లు నర్సాపురం పక్క పల్లె. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు అక్కడి దళిత క్రైస్తవ స్త్రీలకి లేసు అల్లిక నేర్పారు. తర్వాత అది గడప దాటని కాపు ఇళ్ళలోకీ పాకింది. మరియా మీస్ ఆ స్త్రీల గురించి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం రాశారు. వీళ్ళు కూలీలు కారట, ఖాళీ వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులట. ఈ మాట అడ్డం పెట్టుకునే ప్రపంచ మార్కెట్టుకి వెళ్ళే సరుకుకి అతి తక్కువ కూలి ఇచ్చారనీ, వ్యాపారం మగవాళ్ళ చేతుల్లో పెరిగిందనీ మీస్ చూపించారు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూలి సంగతి అల్లేవాళ్ళని అడగాలి.

మా అమ్మ అమ్మకానికి అల్లలేదు. అమ్మకానికి అల్లినవాళ్ళకీ మా అమ్మకీ మధ్య కులం ఉంది, తిండి ఉంది. ఆ తేడాని చెరిపేసి అందరం ఒకటేనని నేను చెప్పబోవడం లేదు. కానీ సూది ఒకటే, మాటా ఒకటే. అక్కడ 'కాలక్షేపం' అన్న మాట కూలి తగ్గించింది. మా ఇంట్లో, ఖర్చు తగ్గించాల్సి వస్తే ముందు దేన్ని కొట్టెయ్యాలో అదే మాట చెప్పింది.

అమ్మ 2014లో పోయింది. ఆవిడ పెట్టెలో పన్నెండు ఖర్చుల పుస్తకాలు దొరికాయి. నాన్నగారు స్కూలు మాస్టారు, ఆయన పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షనే ఆధారం. ప్రతి నెలా మొదటి పేజీలో పాలు, బియ్యం, గ్యాసు, కరెంటు, పనమ్మాయి జీతం, మందులు, అన్నిటికంటే అడుగున 'చిల్లర'. ఆ చిల్లర కింద మళ్ళీ సన్నటి అక్షరాలతో లేసు దారం, వారపత్రిక, గుడి హుండీ, రిక్షా. మొదట్లో మందులు ఆరో వరసలో ఉండేవి. ఏడాది ఏడాదికీ ఒక్కో మెట్టే ఎక్కి చివరి పుస్తకాల్లో పాలకంటే పైన కూర్చున్నాయి. అవి ఎక్కినకొద్దీ అడుగున చిల్లర చిక్కిపోయింది. ముందు వారపత్రిక పోయింది. మరుసటేడు దారం పోయింది. ఆ తర్వాత రిక్షా. రిక్షా అంటే మూడు వీధుల అవతల ఉండే స్నేహితురాలి ఇల్లని నాకు తెలుసు. హుండీ మాత్రం చివరిదాకా ఉంది. (దాని మీద నాకు చాలా కోపం ఉండేది, ఇప్పుడు లేదు.)

ఇందులో ఎవరూ ఆవిణ్ణి ఆపమనలేదు. అత్తగారు లేరు, మొగుడు లేడు, కొడుకు విదేశంలో. నేను నెలనెలా పంపిన డబ్బు మనవరాలి పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ అయింది. ఖాళీ ఇంట్లో, తన డబ్బుతో, తన చేత్తో రాసుకునే పుస్తకంలో, తన వస్తువునే ముందు కొట్టేసుకుంది. పితృస్వామ్యం అంటే మనకి ఎదురుగా కూర్చుని అన్నం పెట్టమనే మగవాడు కావాలి. అతను వెళ్ళిపోయాక కూడా పెన్సిలు పట్టుకుని కూర్చునే దాని గురించి ఏం రాశాం? తెలుగులో ముసలితల్లి కథలకి కొదవ లేదు. ఎయిర్‌పోర్టుంది, వృద్ధాశ్రమం ఉంది, కొడుకు ఉత్తరం ఉంది. అందులో ఆవిడ ఎప్పుడూ ఎదురుచూస్తూనే ఉంటుంది. లెక్క రాసుకుంటూ కనబడదు.

మన కథలకి లెక్కలు కొత్తా అంటే, కాదు. భండారు అచ్చమాంబ 1902లో రాసిన 'ధనత్రయోదశి'లో పండగ ముందర డబ్బు లేని ఇల్లే కదా అసలు సంగతి! మనం ఆ ఇల్లాలి నీతిని చర్చించాం, లేమిని పక్కన పెట్టాం.

నా సంగతి చెబుతాను. ప్రైవేటు కాలేజీలో చేశాను, పెన్షన్ లేదు. దాచుకున్నది సీనియర్ సిటిజన్ పథకంలో 2023లో వేశాను, 8.2 శాతం. మంచి వడ్డీయే. కానీ వేసిన రోజు రేటే అయిదేళ్ళకీ. మూడు నెలలకోసారి వచ్చే మొత్తం ఒక్క రూపాయి కదలదు. కదిలేవన్నీ అవతలి పక్కన ఉన్నాయి. హైదరాబాదులో గ్యాసు బండ 2023 మార్చిలో 1155 రూపాయలు. ఆ ఆగస్టులో 200, మరుసటి మార్చిలో 100 తగ్గించారు, 2025 ఏప్రిల్లో 50 పెంచారు. తగ్గించినప్పుడు పండగ కానుక అన్నారు. పెంచినప్పుడు ఏమీ అనలేదు.

కరెంటు మరీ చిత్రం. తెలంగాణలో 2022లో వచ్చిన రేట్ల ప్రకారం, 200 యూనిట్ల లోపయితే మొదటి వందా 3 రూపాయల 40 పైసలు, రెండో వందా 4 రూపాయల 80. మొత్తం 820. ఒక్క యూనిట్ దాటి 201 అయిందా, మొదటి 200 యూనిట్లకీ 5 రూపాయల 10 పైసలు పడుతుంది, ఆ పై యూనిట్‌కి 7.70. అంటే 1027 పైచిలుకు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు! తెల్లకార్డు ఉన్నవాళ్ళకి 2024 మార్చి నుంచి 200 దాకా ఉచితం కనుక వాళ్ళకి ఆ గీత ఇంకా పదును. కంటిశుక్లం ఆపరేషన్ అయ్యాక అమ్మ లేసు సూది నేను పట్టుకున్నాను. సన్న దారం, రాత్రిపూట పెద్ద దీపం కావాలి, వేసవిలో ఫ్యాను, ఆయనకి ఉబ్బసం కనుక రాత్రి ఏసీ. మే నెల 20 దాటాక మీటరు దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి, ఏం ఆపానో తెలుసా? ఏసీ కాదు. నా దీపం. ఆపేసి, చీకట్లో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఇది అమ్మ చేతిరాతేనని.

ఒక సభలో ఇదంతా చెబితే, దళిత రచయిత్రి ఒకామె, నాకంటే చిన్నది, లేచి అడిగింది: "చిల్లర అని రాసుకోవడానికి ఒక వరస మిగలటమే మీ అదృష్టం కాదా అమ్మా?" అదృష్టమే. 60 దాటిన పేదలకిచ్చే పింఛనులో కేంద్రం వాటా 2006లో నెలకి 200 చేశారు. 80 నిండనివారికి 2024లోనూ అదే 200. మిగతాది రాష్ట్రాలు కలపాలి, కలిపిన చోట కలిపాయి. ఆ పుస్తకంలో ఏ వరసలుంటాయో నాకు తెలియదు. కాని ఆమే ఇంకో మాట కూడా చెప్పింది. వాళ్ళ అవ్వ పింఛను రోజున ముందు తమలపాకులూ వక్కా కొనుక్కుని, మిగిలింది కోడలి చేతిలో పెట్టేదట, ఎవరేమన్నా వినేది కాదట. మా అమ్మకంటే ఆవిడే నయం అనిపించింది.

ఛాయాదేవి గారి విషయం కూడా అందుకే నాకు ముఖ్యం. బోన్సాయ్ మీద మనకి అనుమానం నేర్పిన రచయిత్రి, పారేసే వస్తువులతో బొమ్మలు చేసేవారు. చివరి సంవత్సరాలు కొండాపూర్ వృద్ధాశ్రమంలో గడిపి 2019లో వెళ్ళిపోయారు. ఆవిడ మీద వచ్చిన వ్యాసాల్లో బొమ్మలు చివర ఒక వాక్యంగా, ముచ్చటగా వస్తాయి. 2005లో అకాడమీ అవార్డు వచ్చిన 'తన మార్గం' ఒక వైపు, బొమ్మలు ఒక వైపు. పారేసే వస్తువే ఎందుకు? దుబారా నచ్చకా, కళ కోసమా, ఖర్చు లేకుండా సాగుతుందనా? మూడూ కలిసి ఉండొచ్చు. ఆ ప్రశ్న అడిగి ఉంటే ఆవిడ నవ్వి జవాబు చెప్పేవారేమో. మనలో ఎవరికీ అది సాహిత్య ప్రశ్నలా అనిపించలేదు.

నేను సమీక్షించిన ఆ పుస్తకం ఇప్పుడు దొరకదు. నా కాపీ అటక మీద నుంచి దింపి స్వెట్టర్ కథ మళ్ళీ చదివాను. ఆవిడ సగం అల్లిన స్వెట్టర్ని విప్పి, ఆ ఉన్నిని మళ్ళీ ఉండ చుట్టి, బియ్యం డబ్బా వెనక దాచుకుంటుంది. కథ అక్కడ ఆగిపోతుంది. ఉన్ని ఉండ ధర ఎంతో, ఎన్ని ఉండలు తక్కువయ్యాయో రచయిత్రి అణాపైసలతో సహా రాసిన చోట, పక్కన నా పెన్సిలు రాత ఉంది: 'అనవసరం.'