చలనచిత్రము – బాలవిజ్ఞానము

విస్మయము విజ్ఞానమునకు ద్వారము మాత్రమే. సంకల్ప్ రెడ్డి దర్శకత్వమున 2018లో వెలువడిన ‘అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్.’ చిత్రపు శీర్షికను మేమీ దృష్టితో పరిశీలింపదలచితిమి.

శీర్షికలోనే వేగమును నిలుపుట మెచ్చదగినది. కాని భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమించు నౌక వేగము గంటకు సుమారు 27,600 కిలోమీటర్లు. దూరము హెచ్చినకొలది కక్ష్యావేగము తగ్గును; చంద్రుడు సుమారు 3,700 కిలోమీటర్ల వేగముతోనే భూమిని చుట్టుచున్నాడు. కావున 9000 అను సంఖ్య తప్పని మేమనము. ఎంత దూరమున అని చెప్పనిదే అది అసంపూర్ణము. బాలుడు అడుగవలసిన ప్రశ్నయు అదియే.

ఇట్టి ప్రశ్నలకు చిత్రపరిశ్రమ నెలకొన్న జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములే పాఠశాల కాగలవు. అచటి గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల ఏండ్ల నాటివి. కెమెరాను పైకెత్తు జిబ్ క్రేను మన ఏతమునకు చుట్టమే: ఏతముపై మనిషి నడచి చేయు పనిని ఇచట రెండవ కొనయందలి బరువులు చేయుచున్నవి.

చిత్రము చూపిన వింతకు ఉపాధ్యాయుడు కారణమును, లెక్కను జోడింపవలెను. లేనిచో బాలుని మనస్సున యంత్రము మంత్రముగానే మిగిలిపోవునని మా అభిప్రాయము.