పలికే చిప్ప

మనవరాలికి బడిలో వీణ చేసి తెమ్మన్నారు. థర్మోకోల్, బంగారు రంగు కాగితం, చమ్కీలు, నాలుగు ఉన్ని దారాలు తెచ్చి రెండు సాయంత్రాలు ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. చూడముచ్చటగా తయారైంది. పదికి పది మార్కులూ వచ్చాయి. ఇంటికొచ్చాక ఆ పిల్ల ఉన్ని దారాన్ని మీటి, "ఇది పలకదా తాతా?" అంది.

నాకు ఎప్పటిదో మా తిరుపతి గంగజాతర గుర్తొచ్చింది. మట్టి ప్రమిదకు కాగితం అతికించి, వెదురుపుల్ల గుచ్చి, తీగ కట్టిన బుల్లి ఫిడేలు కొనిపించుకున్నాను. అమ్మేవాడి చేతిలో సినిమా పాటలన్నీ పాడింది. మా ఇంటి గడప దాటగానే పిల్లి గొంతు పెట్టింది. అప్పుడు తప్పు ఫిడేలుదే అనుకున్నాను.

సరే, పలికేది చేద్దామన్నాను. టెంకాయ చిప్పలకు తిరుపతిలో కరువా! సమంగా పగిలిన చిప్ప ఒకటి ఏరి గరుకు కాగితంతో నున్నగా రుద్దాం. దండికి వెదురు. ఎర్రచందనం మన శేషాచలం చెట్టే, దాంతో జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మేలైన దండి చేస్తారు. మనం పుల్ల విరిచినా కేసే కాబట్టి వెదురుతో సరిపెట్టుకున్నాం. చిప్ప మూతికి మైదా బంకతో మందపాటి కాగితం అతికిస్తే రెండు రోజులు ఖంగుమంది. కార్తీక మాసపు ముసురు పట్టగానే సొట్టపోయింది. పలచటి ప్లైవుడ్ బిళ్ళ వేశాక నిలబడింది. తీగ బిగించే బిరడకు చింతకొమ్మ చెక్కాం. అది జారిపోతుంటే సుద్దముక్క పొడి రాశాం. వీణ వాళ్ళు చేసే పనే అది. తీగ మాత్రం గిటారుది, కొన్నదే.

అసలు పరీక్ష మెట్ల దగ్గర ఎదురైంది. సైకిల్ స్పోకు ముక్కలు కోసి దారంతో దండికి కట్టాం. ఇంజనీరింగ్ చదివిన మా అబ్బాయి స్కేలు పెట్టి ఏడింటినీ సమదూరంలో అమర్చాడు. మీటితే ఏ రాగానికీ చెందని ఏడుపు. తీగ లెక్క అలా ఉండదు. పొడవు సగమైతే పై షడ్జం పలుకుతుంది, మూడింట రెండు వంతులైతే పంచమం, నాలుగింట మూడు వంతులైతే మధ్యమం. మా తీగ చిప్ప మీద దాన్ని మోసే గుర్రం నుంచి దండి చివరి పైగట్టు దాకా 60 సెంటీమీటర్లు. శంకరాభరణానికి పైగట్టు నుంచి మెట్లు ఇలా పడ్డాయి: రి 6.7 దగ్గర, గ 12, మ 15, ప 20, ద 24, ని 28, పై స 30 సెంటీమీటర్ల దగ్గర. మొత్తం మీద పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి, అదీ సమంగా కాదు: గ, మల మధ్య మూడే సెంటీమీటర్లు, అటుపక్క మ, పల మధ్య ఐదు!

లెక్క సరిపోయినా పంచమం కాస్త హెచ్చుగానే పలికింది. దానికి కారణం వెతకడానికి ఒక ఆదివారమంతా పట్టింది. గుర్రం ఎత్తుగా ఉంది. మెట్టు మీద వేలు నొక్కేసరికి తీగ సాగి, బిగువు పెరిగి, స్వరం పైకి పోతోంది. గుర్రాన్ని ఆకురాయితో అరగదీశాక సర్దుకుంది. మిగిలిన తేడా చెవితోనే తీర్చాం, దారం వదులు చేసి మెట్టును వెంట్రుకవాసి జరుపుతూ. వీణ చేసేవాళ్ళు ఈ పనినే మేళం కట్టడం అంటారు. 24 మెట్లనూ మైనం మీద ఒక్కొక్కటిగా, చెవి ఒప్పుకునేదాకా జరిపి నిలబెడతారు. మా ఏడు మెట్లకే మాకు చెమటలు పట్టాయి. బొబ్బిలిలో, నూజివీడులో పనస చెక్కను తొలిచి, ఆ పైన ఇదంతా చేసేవాళ్ళ ఓపిక ఎంతటిదో!

డక్కలి కళాకారులు వాయించే కిన్నెర అనే తీగ వాద్యానికీ పెద్ద కార్ఖానా ఏమీ లేదు. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు దండి, తేనెమైనం, తీగలు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ వాద్యాన్ని ఒక్కసారి దగ్గర్నుంచి చూస్తే, చమ్కీలు అద్దిన మా థర్మోకోల్ వీణను చూసి సిగ్గేస్తుంది.

బడి మీద నాకు కోపం లేదు. కానీ మోగని వీణకు పదికి పది వేస్తే పిల్లలు నేర్చుకునేది కాగితం అతికించడమే. భిన్నాల పాఠం చెప్పే లెక్కల మాస్టారూ, పాటల టీచరమ్మా ఒక్క గంట కలిసి కూర్చుంటే చాలు, మూడింట రెండు వంతులంటే ఏమిటో ఆ పిల్లలకు జన్మలో మరుపు రాదు.

కాబట్టి అయ్యవార్లకు ఒక మనవి. వచ్చే ఏడు వీణ అడక్కండి, ఒక చిప్ప, ఒక కర్ర, ఒక తీగ అడగండి. చమ్కీలు వద్దు. స, ప పలికితే మార్కులు వేయండి.