మొదట తాకినవారిదే పేజీ: లినక్స్ కెర్నల్ నూమా మెమరీ విధానాలపై ఒక విమర్శ

ఒకటికి మించిన ప్రాసెసర్ సాకెట్లు గల సర్వర్‌లో మెమరీ అంతా ఒకే రాశిగా ఉండదు. ప్రతి సాకెట్‌కూ దాని పక్కనే అమర్చిన మెమరీ భాగం ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి నోడ్ అని వ్యవహరిస్తారు. ప్రాసెసర్ తన నోడ్‌లోని మెమరీని త్వరగా చేరుకుంటుంది. పొరుగు నోడ్‌లోని దానికి కొంత ఆలస్యం తప్పదు. నూమాగా ప్రసిద్ధమైన ఈ నిర్మాణంలో ఏ పేజీ ఏ నోడ్‌లో ఉండాలన్నది ఆపరేటింగ్ సిస్టమ్ తేల్చవలసిన ప్రశ్న. లినక్స్ కెర్నల్ 2.6 శ్రేణి నుంచి ఇందుకు డిఫాల్ట్, ప్రిఫర్డ్, బైండ్, ఇంటర్‌లీవ్ అనే విధానాలను అందిస్తోంది. వీటిలో అత్యధిక ప్రోగ్రాములు నడిచేది డిఫాల్ట్ మీదనే కనుక విమర్శ మొదలుకావలసిందీ అక్కడే.

డిఫాల్ట్ సూత్రం సరళమైనది. ప్రోగ్రాము మెమరీ అడిగినప్పుడు కెర్నల్ చిరునామాలను మాత్రమే కేటాయిస్తుంది. ఆ చిరునామాను ఏదైనా థ్రెడ్ మొదటిసారి తాకినప్పుడే అసలు పేజీ పుడుతుంది, అదీ ఆ థ్రెడ్ అప్పుడు నడుస్తున్న నోడ్‌లో, ఖాళీ ఉంటే. తాకినవారే వాడుకుంటారన్న పూర్వభావన దీని వెనుక ఉంది. చిన్న ప్రోగ్రాముల విషయంలో అది చాలావరకు నిజమే. అయితే ఒక శాస్త్రీయ గణన ప్రోగ్రాములో ప్రధాన థ్రెడ్ ఒక పెద్ద శ్రేణిని సున్నాలతో నింపి, ఆపైన పని మొత్తాన్ని అన్ని నోడ్‌లలోని థ్రెడ్లకు పంచిందనుకుందాం. పేజీలన్నీ ఒకే నోడ్‌లో పోగుపడతాయి, మిగతా థ్రెడ్లన్నీ దాని గుమ్మం ముందు బారులు తీరుతాయి. ఇల్లు కట్టినవారొకరు, కాపురం ఉండేవారు మరొకరు అయినచోట కట్టినవారి సౌకర్యాన్నే చూసినట్లు! అందుకే ఓపెన్‌ఎంపీ వాడేవారు శ్రేణిని నింపే పనిని కూడా సమాంతరంగానే చేయాలని నేర్చుకున్నారు. కెర్నల్ పూర్వభావనకు తగినట్లు ప్రోగ్రామును తిరగరాసుకోవడమే ఇది.

ఈ లోపం వేగానికే పరిమితం కాలేదు. మైఎస్‌క్యూఎల్ సర్వర్లలో ఎదురైన ఒక చిక్కును జెరెమీ కోల్ 2010లో వివరించారు. ఇన్నోడీబీ బఫర్ పూల్ ఒక నోడ్ పరిమాణాన్ని మించినప్పుడు ఒక నోడ్ నిండిపోయి, రెండోదానిలో చోటు మిగిలి ఉండగానే యంత్రం పేజీలను డిస్కుకు తరలించసాగింది. మొత్తం లెక్కలో ఖాళీ కనబడుతున్నా డేటాబేస్ స్తంభించడం నిర్వాహకులకు అంతుపట్టలేదు. ఆయన సూచించిన పరిష్కారం స్థానికతను వదులుకోవడమే, అంటే ఇంటర్‌లీవ్ ద్వారా పేజీలను వరుసగా అన్ని నోడ్‌లకూ పంచడం. తరువాత మైఎస్‌క్యూఎల్ 5.7లో ఇది ఒక అమరికగానే చేరింది. దూరపు నోడ్‌కు పోయేముందు స్థానిక నోడ్‌నే ఖాళీ చేయించే జోన్ రిక్లెయిమ్ పద్ధతిని కూడా కెర్నల్ 2014లో డిఫాల్ట్‌గా నిలిపివేసింది. స్థానికతే పరమార్థం కాదన్న సంగతిని కెర్నల్ ఈ విధంగా సవరణల రూపంలో ఒప్పుకుందే తప్ప, డిఫాల్ట్ సూత్రాన్ని పునరాలోచించలేదు.

దూరాన్ని కొలిచే తీరూ ఇందుకు కొంత కారణం. ఫర్మ్‌వేర్ ఇచ్చే పట్టికలో స్థానిక నోడ్ దూరం 10, పొరుగు నోడ్‌ది తరచుగా 20 లేదా 21. ఈ అంకెలు ఆలస్యాన్ని మాత్రమే సూచిస్తాయి, దారిలోని రద్దీని సూచించవు. ఆధునిక యంత్రాలలో అసలు నష్టం దూరం వల్ల కన్నా మెమరీ కంట్రోలర్లు, అనుసంధానాల మీది రద్దీ వల్లనే ఎక్కువని కారెఫోర్ పరిశోధన 2013లో వాదించింది. ఈ వాదన నిలిచేదైతే, దగ్గరి నోడ్‌ను ఎంచుకోవడమే మేలన్న సూత్రం సగం ప్రశ్నకే సమాధానం.

మరి ప్రోగ్రామరు తానే విధానాన్ని నిర్దేశించుకోవచ్చు కదా అన్న సమర్థన ఉంది. ఆ స్వేచ్ఛ ఉన్నమాట నిజమే, కానీ దాని హద్దులు పైకి కనబడవు. ఒక థ్రెడ్ పెట్టుకున్న విధానం దానికీ, అది తరువాత సృష్టించే థ్రెడ్లకే వర్తిస్తుంది; అప్పటికే నడుస్తున్న తోటి థ్రెడ్లకు వర్తించదు. అప్పటికే పుట్టిన పేజీలు ఉన్నచోటే ఉంటాయి, ప్రత్యేకంగా కోరితేనే కదులుతాయి. పంచుకునే ఫైలు మ్యాపింగ్‌కు ఆ చిరునామాల పరిధి మీద పెట్టిన విధానాన్ని కెర్నల్ పట్టించుకోదు, ఆ సంగతి ప్రోగ్రాముకు చెప్పదు కూడా. బైండ్ మరీ కఠినం. పేర్కొన్న నోడ్‌లు నిండితే పక్క నోడ్‌లో ఎంత ఖాళీ ఉన్నా ప్రాసెస్ ప్రాణం మీదికి రావచ్చు. ప్రిఫర్డ్ అందుకు భిన్నంగా కేవలం ఒక కోరిక.

2013లో 3.8 వెర్షన్‌తో మొదలైన ఆటోమేటిక్ నూమా బ్యాలెన్సింగ్ మరో దారి తెరిచింది. పేజీలను అప్పుడప్పుడు అందకుండా చేసి, ఏ నోడ్ నుంచి వాటిని తాకుతున్నారో గమనించి, పేజీని అటు తరలించడం దీని పద్ధతి. తొలి స్పర్శను కాక తదుపరి వాడకాన్ని చూడడం వల్ల సిద్ధాంతపరంగా ఇదే సరైన దిశ. అయితే స్పష్టంగా విధానం నిర్దేశించిన పేజీలను ఇది ముట్టుకునేది కాదు. బైండ్‌తో దీన్ని కలిపి వాడే వీలు 2021లో 5.12తో గాని రాలేదు. అంటే శ్రద్ధగా విధానం రాసుకున్న ప్రోగ్రామరే అన్నేళ్లూ ఈ సహాయానికి దూరమయ్యాడు.

2024లో 6.9 వెర్షన్‌లో వచ్చిన వెయిటెడ్ ఇంటర్‌లీవ్ పేజీలను నోడ్‌ల బ్యాండ్‌విడ్త్‌కు అనుగుణమైన నిష్పత్తిలో పంచే వీలు కల్పించింది. సీఎక్స్ఎల్ ద్వారా చేరే నెమ్మది మెమరీ రావడంతో సమాన పంపకం అర్థం కోల్పోయింది కనుక ఇది అవసరమైన మార్పే. కానీ ఆ తూకాలు యంత్రం మొత్తానికీ ఒకటే. ఒకే సర్వర్‌లో ఆలస్యానికి వెరిచే డేటాబేస్, బ్యాండ్‌విడ్త్ కోరే గణన ప్రోగ్రాము పక్కపక్కన ఈ విధానం మీద నడిస్తే, రెండూ నిర్వాహకుడు రాసిన అవే అంకెలతో సర్దుకోవాలి.