ఛాయాగ్రహణ విద్య — ఆన్సెల్ ఆడమ్స్ గ్రంథత్రయము

చేతిపనిని పుస్తకము చూచి నేర్చుకొనవచ్చునా అను ప్రశ్న చాల పాతది. ఈత పుస్తకము చదివి నూతిలో దిగినవానికి ఏమి గతి పట్టునో అందరికిని తెలిసినదే. ఛాయాగ్రహణమును గూర్చియు ఇట్టి అభిప్రాయమే చాలకాలము వ్యాప్తిలో నుండెను. స్టూడియోలో సహాయకుడుగా చేరి, చీకటిగదిలో పళ్లెములు కడిగి, యజమాని చేయుపనిని ఓరకంట చూచి నేర్చుకొనుటయే మార్గమని తలచెడివారు. యజమానికి తెలిసినది అనుభవము. దానిని మాటలలో పెట్టుట ఆయనకును కష్టమే. “ఈ ఎండకు ఇంత చాలును” అని ఆయన అనును. ఎందుకు చాలునో చెప్పలేడు.

ఆ “ఎందుకు” అను ప్రశ్నకు జవాబు చెప్పబూనిన వృత్తి ఛాయాగ్రాహకులలో అమెరికా దేశీయుడైన ఆన్సెల్ ఆడమ్స్ ముఖ్యుడు. ఈయన 1902లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించి 1984లో మరణించెను. మొదట పియానో వాద్యకారుడు కావలెనని సాధన చేసిన ఈయన, 1916లో యోసెమిటీ లోయకు తొలిసారి పోయినప్పుడు చేతికందిన చిన్న పెట్టెకెమెరాతో ఈ విద్యను ప్రారంభించెను. 1948 మొదలుకొని పాఠ్యగ్రంథములను వెలువరించి, తుదకు వానిని తిరుగవ్రాసి, రాబర్ట్ బేకర్ సహకారముతో మూడు సంపుటములుగా ప్రకటించెను. అవి ‘ది కెమెరా’ (1980), ‘ది నెగటివ్’ (1981), ‘ది ప్రింట్’ (1983). ఇవి నేటికిని చదువబడుచున్నవి. ఫిల్ము వాడుక మిక్కిలి తగ్గిపోయిన ఈ కాలమున వీనివలన విద్యార్థికి ఏమి లాభమో విచారింపదగియున్నది.

కొలతయే మూలము

మూడు సంపుటములలోను ప్రాణము వంటిది రెండవది. దానికి ఆధారము ‘మండల పద్ధతి’. దీనిని ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అను మరియొక ఉపాధ్యాయుడును కలసి 1940 ప్రాంతమున లాస్ఏంజెలెస్ నగరములోని ఒక కళాపాఠశాలలో బోధించుచు రూపొందించిరి. పద్ధతి పెద్ద రహస్యమేమియు కాదు. కటి నలుపునకు సున్న, కాగితపు తెల్లదనమునకు పది అని సంఖ్యలు పెట్టి, నడుమనున్న బూడిదరంగు ఛాయలను క్రమముగా విభజించిరి. ఒక మండలమునుండి పై మండలమునకు పోవుటకు ఫిల్ముపై పడు కాంతి రెట్టింపు కావలెను. 5వ మండలము నట్టనడిమి బూడిదరంగు. 3వది వివరములు కనబడు నీడ. 7వది నేతయో గరుకుదనమో తెలియుచుండు తెలుపు.

ఇచట ఉపాధ్యాయులు గమనింపదగిన విషయ మొకటి కలదు. నడిమి బూడిదరంగు తనపై పడిన కాంతిలో 50 శాతమును కాక, సుమారు 18 శాతమును మాత్రమే పరావర్తనము చేయును. సగమువలె కనబడునది కొలతలో సగము కాదు! కన్ను కాంతిని కూడికలలో కాక రెట్టింపులలో గ్రహించుటయే దీనికి కారణము. సంవర్గమానములు ఎందులకు పనికివచ్చునని అడుగు విద్యార్థికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

కాంతిమాపకమునకు వస్తువు తెల్లనిదో నల్లనిదో తెలియదు. దేనిని చూపినను అది నడిమి బూడిదరంగుగా రావలెనని లెక్క చెప్పును. అందుచేతనే మాపకమును గుడ్డిగా నమ్మి తీసిన చిత్రమున మంచు మాసిపోయియు, నల్లమేక బూడిదరంగుగాను కనబడును. మాపకము చెప్పినది ఆజ్ఞ కాదనియు, కేవలము ఒక కొలత యనియు ఆడమ్స్ నేర్పును. ఏ భాగమును ఏ మండలమున ఉంచవలెనో నిర్ణయించుట మనిషి పని. ఒకదానిని ఉంచినచో తక్కినవి వాని వాని స్థానములలో తామే పడును.

ఒక లెక్క చూడుడు. వేపచెట్టు నీడలో ముదురురంగు తలుపును, ఎండలో సున్నము కొట్టిన గోడయు ఒకే దృశ్యములో ఉన్నవనుకొనుడు. కటకపు ద్వారము ఎఫ్/8 వద్ద నుండగా మాపకము తలుపునకు 1/15 సెకను, గోడకు 1/500 సెకను చూపినది. ఈ రెండింటికిని నడుమ ఐదు రెట్టింపులు. తలుపును 3వ మండలమున ఉంచవలెనన్నచో రెండు మెట్లు తగ్గించి 1/60 సెకను ఇయ్యవలెను. అప్పుడు గోడ 3కు 5 కలిపి 8వ మండలమున పడును. అచట సున్నపు పూత గరుకుదనము దాదాపు మాయమగును. దానిని 7వ మండలమునకు దింపుటకు ఫిల్మును డెవలపరులో ఉంచు కాలమును తగ్గింపవలెను. నీడ పడిన భాగములలో కాంతి సోకిన వెండిలవణపు కణములు కొద్ది. అవి త్వరగా వెండిగా మారి ఆగిపోవును. వెలుగు పడినచోట అట్టి కణములు అధికము గనుక నలుపు పెరుగుచునే ఉండును. కావున కాలము తగ్గించిన నీడ అంతగా చెడదు, వెలుగు అణగును. నీడను బట్టి ఎక్స్‌పోజర్, వెలుగును బట్టి డెవలప్‌మెంట్ అను వృత్తివారి పాతమాటకు అర్థ మిదియే.

ఈ పద్ధతికి మూలమైన శాస్త్రము ఆడమ్స్ కనిపెట్టినది కాదు. కాంతి మొత్తమునకును ఫిల్ముపై ఏర్పడు నలుపునకును గల సంబంధమును ఇంగ్లండులో హర్టర్, డ్రిఫీల్డ్ అను ఇద్దరు 1890లోనే వక్రరేఖగా గీచి ప్రకటించిరి. ఆ వక్రరేఖను పొలముగట్టున నిలిచియున్న మనిషికి పనికివచ్చు భాషలోనికి మార్చుటయే ఆడమ్స్ ఘనత. శాస్త్రమును జనసామాన్యమునకు అందించు పని ఏమిటో ఇందువలన తెలియును.

రెండు దృష్టాంతములు

చిత్రము తీయకముందే పూర్తియైన ప్రతిని మనస్సులో చూడవలెనని ఆడమ్స్ పదే పదే చెప్పును. 1927 ఏప్రిల్ 10న యోసెమిటీలో హాఫ్ డోమ్ అను మహాశిలను చిత్రించునప్పుడు ఆయన మొదట పసుపుపచ్చ ఫిల్టరు వాడెను. ఆకాశము తాను అనుభవించిన గాంభీర్యముతో రాదని తోచి, మిగిలియున్న ఒకే ఒక ఫలకమును ముదురు ఎర్ర ఫిల్టరుతో తీసెను. ఆకాశమునుండి వచ్చు నీలికాంతిని ఎర్ర ఫిల్టరు ఆపివేయును గనుక, చిత్రములో ఆకాశము దాదాపు నల్లనై, శిల వెలిగిపోయినది. ఇందలి భౌతికశాస్త్రము ఎనిమిదవ తరగతి వానికిని అర్థమగును. కాని ఏ ఫిల్టరు కావలెనో ముందుగా ఊహించుట పాఠముతో రాదు. పాఠము దానికి త్రోవ మాత్రము చూపును.

రెండవది అందరెరిగిన చిత్రము. 1941లో న్యూమెక్సికో రాష్ట్రమునందలి హెర్నాండెజ్ గ్రామముమీద చంద్రోదయము. సూర్యుడు దిగిపోవుచున్నాడు, శ్మశానములోని సిలువలపై వెలుగు ఏ క్షణములో పోవునో తెలియదు. కాంతిమాపకము దొరకలేదు. చంద్రబింబపు ప్రకాశము చదరపు అడుగునకు 250 కాండెలాలని ఆడమ్స్‌కు జ్ఞాపకము వచ్చెను. దానిని 7వ మండలమున ఉంచినచో 5వ మండలమునకు అందులో నాలుగవ వంతు, అనగా సుమారు 60 వచ్చును. ఆయన సూత్రము ప్రకారము 64 వేగము గల ఫిల్మునకు ఎఫ్/8 వద్ద 1/60 సెకను. పసుపు ఫిల్టరు మూడువంతుల కాంతిలో ఒక వంతునే పోనిచ్చును గనుక 1/20. ద్వారమును ఎఫ్/32కు కుదించుటచే పదునారు రెట్లు. మొత్తము ఇంచుమించు ఒక సెకను. రెండవ ఫిల్ము సిద్ధము చేయునంతలో సిలువలపై వెలుగు పోయినది.

చంద్రుడు రాత్రి వస్తువుగా కనబడినను, ఎండలో ఉన్న రాయి అను సత్యమును ఈ కథ తెలుపుచున్నది. చేతిఫోనుతో చంద్రుని తీసి తెల్లని బొట్టు మాత్రమే వచ్చినదని విచారించు విద్యార్థులు దీనిని గుర్తుంచుకొనవలెను.

అయినను ఈ చిత్రమును మండల పద్ధతికి సంపూర్ణ విజయముగా చూపుట తగదు. కొలత తెలిసినది చంద్రునికి మాత్రమే; ముందరి నేలకు ఎంత కాంతి కలదో ఆడమ్స్ కొలువలేదు. నెగటివులో నేల భాగము పలుచనై, 1948లో రసాయనముతో దానిని బలపరుపవలసివచ్చెను. ముద్రించునప్పుడు చేతితో నీడపట్టియు, అధికముగా వెలుగుచూపియు అనేక దిద్దుబాట్లు చేసెను. తొలి ప్రతులలో ఆకాశము లేతగాను, చాలకాలమునకు తరువాతి ప్రతులలో గాఢమైన నలుపుగాను ఉండుట ఇందువలననే. ఈ సంగతులను ఆడమ్స్ దాచక, తన నలువది చిత్రముల కథలను చెప్పిన ‘ఎగ్జాంపుల్స్’ (1983) అను గ్రంథమున వ్రాసెను. ఈ నిజాయితీ మెచ్చదగినది. కొలత పనిని సులభము చేయును గాని పూర్తిచేయదని ఆయన అనుభవమే చెప్పుచున్నది.

కాండెలాలను మరువని ఆడమ్స్ సంవత్సరమును మరచెను! ఈ చిత్రమునకు వేర్వేరు చోట్ల వేర్వేరు సంవత్సరములు వేసెను. చంద్రుని స్థానమును బట్టి గణించి, అది 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలము 4 గంటల 49 నిమిషములకు తీయబడినదని డెన్నిస్ డి చిక్కో 1991లో నిర్ణయించెను. మంచి ఛాయాచిత్రము శాస్త్రీయమైన దస్తావేజు కూడ కాగలదనుటకు ఇది నిదర్శనము.

లోపములు

గ్రంథత్రయములో లోపములు లేకపోలేదు. మొదటిది విభజనకు సంబంధించినది. కెమెరా, నెగటివు, ప్రింటు అని మూడు సంపుటములు చేయుటచే, రెండవ సంపుటములోని మండలములకు అర్థము మూడవ సంపుటములోని కాగితముపై గాని తేలదు. నెగటివు మంచిదా కాదా అని తేల్చునది ప్రింటు. క్రొత్తవాడు వరుసగా చదువబోయినచో తొలి చిత్రమును చేత పట్టుకొనుటకు ముందే రెండు పెద్ద గ్రంథములు ముగింపవలెను. విద్యార్థికి మొదట కావలసినది పూర్తియైన ఒక చిన్న ఆవృత్తి: ఒక చిత్రము తీయుట, కడుగుట, ముద్రించుట, తప్పు చూచుకొనుట.

రెండవది, పద్ధతి విడివిడి ఫిల్ము పలకలకు పుట్టినది. ప్రతి పలకను వేరువేరు కాలము డెవలప్ చేయవచ్చును. చుట్టఫిల్ములో ముప్పదియారు చిత్రములకును ఒకటే స్నానము. అట్టివారు ఒక్కొక్క విధమునకు ఒక్కొక్క ఫిల్ముపెట్టెను వేరుగా ఉంచుకొనవలెనన్న సలహా ఖర్చుతో కూడినది.

మూడవది, పర్వతము కదలదు, పిల్లవాడు కదలును. బడి ఆటలను, సంతను, బస్సు దిగుచున్న జనమును తీయువానికి ప్రతి నీడను కొలుచు తీరిక లేదు. ఈ గ్రంథములు చదివినవారిలో కొందరు ఫిల్ములను పరీక్షించుటలోనే కాలము గడిపి చిత్రములు తీయుట మరచిపోవు ప్రమాద మున్నది. సంగీతములో గమకములు సాధన చేయుచు కీర్తన పాడకుండుట వంటిదే ఇది. నెగటివును స్వరలిపితోను, ప్రింటును కచేరీతోను పోల్చిన ఆడమ్స్‌కు ఈ సంగతి తెలియకపోలేదు. కాని గ్రంథములలో స్వరలిపికి దొరికిన చోటు, ఏమి పాడవలెనను విషయమునకు దొరకలేదు.

నాలుగవది కాలము తెచ్చినది. ఆయన పేర్కొన్న ఫిల్ములు, కాగితములు పెక్కు నేడు లేవు. ఆయన దీర్ఘకాలము సలహాదారుగా నున్న పోలరాయిడ్ సంస్థ తక్షణ ఫిల్ముల తయారీని మానుకొనుచున్నట్లు 2008లో ప్రకటించెను. ఎలక్ట్రానిక్ చిత్రమే రాబోవు ముందడుగు అని 1981లోనే వ్రాసిన ఆడమ్స్, తన రసాయనముల పట్టికలు శాశ్వతములని భ్రమపడలేదు.

నేడు నిలుచున దేది?

డిజిటల్ కెమెరాలోని గ్రాహకము కాంతికి సమానుపాతముగా విద్యుత్తును ఇచ్చును. నిండిన కుండలో నీరు పట్టనట్లు, ఒక హద్దు దాటిన వెలుగు అందులో నమోదు కాదు. పోయిన వివరము తిరిగి రాదు. నీడను మాత్రము కొంతవరకు పైకి తేవచ్చును. కావున పాతమాట తలక్రిందులైనది: నేడు మొదట చూడవలసినది నీడను కాదు, వెలుగును. సూత్రమును బట్టీపట్టినవాడు ఇచట చెడిపోవును. కొలుచుట, ఒకదానిని స్థానమున ఉంచుట, తక్కినవి ఎచట పడునో చూచుట అను ఆలోచనాక్రమమును పట్టుకొన్నవానికి మార్పు అడ్డు కాదు.

కావున ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఈ సంపుటములను మొదటి పుటనుండి చివరి పుటవరకు చదివించుటకు యత్నింపనక్కరలేదు. ‘ది నెగటివ్’లోని మండల పద్ధతి ప్రకరణమును తాము చదివి, ఒక్క ప్రయోగము చేయించిన చాలును. తెల్లకాగితమును, నల్లబల్లను విడివిడిగా, చట్రము నిండునట్లు స్వయంచాలక కెమెరాతో తీయింపవలెను. చాల కెమెరాలలో రెండును బూడిదరంగువైపు జరుగును. పిమ్మట చేతితో అమర్చుకొను సౌకర్యమును వాడి, కాగితమునకు రెండు మెట్లు పెంచియు, బల్లకు రెండు మెట్లు తగ్గించియు మరల తీయింపవలెను. యంత్రము చెప్పినదానికిని, కంటికి కనబడినదానికిని గల భేదమును పిల్లలు స్వయముగా చూతురు.

పుస్తకము చేతిపనిని నేర్పునా అను ప్రశ్నకు ఈ గ్రంథములు ఇచ్చు జవాబు పరిమితమైనది, కాని విలువైనది. చేయి తిరుగుట చేయగా రావలసినదే. కాని తప్పు జరిగినప్పుడు ఎందుకు జరిగినదో తెలియనివాడు పదేండ్లు చేసినను ఆ తప్పునే చేయుచుండును. ఆ కారణమును తెలుపుటలో ఆడమ్స్‌కు సాటివచ్చు వృత్తి ఛాయాగ్రాహకులు కొద్దిమంది.