రాళ్లను పట్టుకొనువారు: ‘జస్ట్ మెర్సీ’ గ్రంథముపై ఒక విమర్శ

బ్రయన్ స్టీవెన్సన్ రచించిన ‘జస్ట్ మెర్సీ’ (2014)ని మరణశిక్ష తప్పించుకొన్న వాల్టర్ మెక్‌మిలియన్ కథగానే చదువుట పరిపాటి. నా దృష్టిలో దాని బరువంతా పిల్లలను గూర్చిన అధ్యాయములలో ఉన్నది. అమెరికాలో హత్యకాని నేరములకు పెరోల్ లేని యావజ్జీవ శిక్ష పొందిన 13, 14 ఏండ్ల పిల్లలందరూ నల్లజాతివారో లాటినోలో అని రచయిత చెప్పినచోట నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరక కూర్చుంటిని.

యోహాను 8వ అధ్యాయమును మనము క్షమాపణ ప్రసంగముగానే వాడుకొంటాము. ఇక్కడ మనుమని హత్యలో పోగొట్టుకొన్న ఒక వృద్ధురాలు న్యాయస్థానమునకు వచ్చి, ఇతరులపై పడు రాళ్లను పట్టుకొనుటకు కూర్చుంటుంది. ఇంత మంచి వ్యాఖ్యానము మన వ్యాఖ్యాన గ్రంథములలో నేను చూడలేదు.

అయినను నాకొక అభ్యంతరమున్నది. కనికరము దోషిపై చూపునది. ఒకే తప్పు చేసిన ఇద్దరు బాలురలో ఒకడు ఇంటికి, మరియొకడు పెద్దల న్యాయస్థానమునకు పోయినప్పుడు కావలసినది కనికరము కాదు, లేవీయకాండము 19వ అధ్యాయము కోరు న్యాయమైన త్రాసు. అమెరికా బాలనేర చట్టము (1974) ఈ వ్యత్యాసమును లెక్కించుమని 1988 సవరణలో నిర్బంధము విషయమునను, 2002లో అరెస్టు మొదలు ప్రతి దశలోను రాష్ట్రములను కోరినది. వ్యక్తుల కథలలో లీనమైన రచయిత ఈ దశలపై తగినంత నిలువలేదు.

ఆయన వాదించి గెలిచిన 2012 నాటి మిల్లర్ తీర్పు సయితము బాల్యముపై ఆధారపడినదే గాని జాతిపై కాదు. అది తప్పనిసరి శిక్షను మాత్రమే కొట్టివేసినది; మిగిలినది న్యాయమూర్తి విచక్షణకే విడువబడినది.