‘పయనీర్లు’ ఎవరు? – వీడియోకెక్కిన మూకీ చరిత్ర

సినిమా చరిత్ర ఎవరు రాశారన్న ప్రశ్న మనం అడుగుతూనే ఉన్నాం. దాన్ని ఎవరు దాచారు, ఎవరు అమ్మారు, అది ఎవరి చేతికి అందింది అన్నది అంతగా అడగలేదు. టీవీలో ఒకసారి వచ్చిపోయిన డాక్యుమెంటరీని పట్టుకుని ఎవరూ పాఠం చెప్పలేరు. క్యాసెట్టో డిస్కో చేతికొస్తేనే క్లాసులో వేసి చూపిస్తాం, ఆపి మళ్ళీ చూస్తాం, దాంతో తగువు పడతాం.

1980లో బ్రిటన్‌లోని థేమ్స్ టెలివిజన్ ‘హాలీవుడ్’ అనే డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. తీసినవాళ్ళు కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్. అమెరికన్ మూకీల మీద 13 భాగాలు. జేమ్స్ మేసన్ వ్యాఖ్యానం, కార్ల్ డేవిస్ సంగీతం. ఇది గొప్ప పని, కాదనక్కర్లేదు. బతికున్న మూకీ మనుషుల్ని వెతికి పట్టుకుని మాట్లాడించారు. పెద్ద తారలతో ఆగలేదు. ప్రాణాలకి తెగించిన స్టంటువాళ్ళకీ, కెమెరా పట్టినవాళ్ళకీ భాగాలు ఇచ్చారు. కింగ్ విడార్ 1982లో, గ్లోరియా స్వాన్సన్ 1983లో పోయారు. కొన్నేళ్ళు ఆలస్యమైతే ఆ మాటలు మనకి మిగిలేవి కావు.

ఈ సీరీస్ బ్రిటన్‌లో వీహెచ్ఎస్ క్యాసెట్లుగా, అమెరికాలో క్యాసెట్లుగా, లేజర్ డిస్కులుగా వచ్చింది. అక్కడే ఆగింది. డివిడి తేవాలన్న ప్రయత్నం హక్కుల చిక్కుల్లో పడింది. ఇందులో వాడిన సినిమా ముక్కలకి యజమానులు ఎందరో ఉన్నారు. అందరి దగ్గరా మళ్ళీ అనుమతి కొనాలి. అనుభవం ముసలి నటులది, శ్రమ స్టంటువాళ్ళది, హక్కు మాత్రం కంపెనీలది. చేసినోడికి లేని హక్కు పెత్తందారుకి ఎలా వస్తుందో మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

అయితే తగువు అంతటితో తీరదు. మొదటి భాగం పేరు ‘ది పయనీర్స్’. తోవ వేసినవాళ్ళు అని అర్థం. ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ (1903) దగ్గర్నుంచి గ్రిఫిత్ ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ (1915) దాకా సినిమా ఎలా కళ అయిందో చెబుతుంది. ఆ గ్రిఫిత్ సినిమా కూ క్లక్స్ క్లాన్‌ని వీరులుగా చూపించింది. దానికి వ్యతిరేకంగా నల్లవాళ్ళ సంస్థ ఎన్‌ఏఏసీపీ 1915లోనే ఉద్యమించింది. మరి సినిమాతోనే జవాబు చెప్పిన నల్ల దర్శకులో? 13 భాగాల్లో ఒక్క భాగం కూడా వాళ్ళకి దక్కలేదు. అప్పటికి ప్రింట్లు దొరకలేదని అనొచ్చు. కొంత నిజమే. కానీ థామస్ క్రిప్స్ పుస్తకం ‘స్లో ఫేడ్ టు బ్లాక్’ 1977లోనే వచ్చింది. కాబట్టి సమాచారం లేదన్న మాట నిలవదు. చరిత్ర అంటే ఎవరిదో ముందే తేలిపోయింది.

ఆస్కార్ మిషో బానిసగా పుట్టిన తండ్రి కొడుకు. సౌత్ డకోటాలో సేద్యం చేశాడు, నవలలు రాసి తనే తిరిగి అమ్ముకున్నాడు, ఆ తోవలోనే సినిమాలోకి వచ్చాడు. ఆయన ‘వితిన్ అవర్ గేట్స్’ (1920) నల్లవాళ్ళని ఉరితీసిన మూకల్ని తెరమీద నిలబెట్టింది. ఆ సినిమా అమెరికాలో పోయింది. మిగిలిన ప్రింటు స్పెయిన్‌లో ‘లా నెగ్రా’ అన్న పేరుతో దొరికింది. 1993లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ బాగుచేసింది. తెరమీది రాతలు చాలావరకు స్పానిష్‌లోనే మిగిలాయి కాబట్టి వాటిని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాల్సి వచ్చింది. తన మాటని తనే పరాయి భాష నుంచి తిరిగి తెచ్చుకోవడమంటే ఇదే.

1994లో ‘మిడ్‌నైట్ రాంబుల్’ అనే డాక్యుమెంటరీ మిషో కథని, నల్లవాళ్ళ కోసం తీసిన ‘రేస్ సినిమాల’ కథని చెప్పింది. 2016లో కినో లోర్బర్ అయిదు డిస్కుల పెట్టె తెచ్చింది. దీనికి జనం దగ్గర చందాలు పోగుచేశారు. పేరు ‘పయనీర్స్ ఆఫ్ ఆఫ్రికన్ అమెరికన్ సినిమా’. 1980లో దక్కని మాటని ముప్పై ఆరేళ్ళకి లాక్కున్నారు. అందులో ఫీచర్ సినిమాలతోపాటు సాలమన్ సర్ జోన్స్ అనే పాస్టర్ 1924–28 మధ్య ఓక్లహోమా నల్లవాళ్ళ బతుకుని తీసిన చిత్రాలూ ఉన్నాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ‘ది ఫ్లయింగ్ ఏస్’ (1926) లాంటివి నల్ల నటులతో తెల్లవాళ్ళు తీసినవి. తెరమీద మనోళ్ళు కనబడటం వేరు, కెమెరా మనోళ్ళ చేతిలో ఉండటం వేరు. పెట్టె రెంటినీ పక్కపక్కనే పెట్టింది, తేడా మనమే చదువుకోవాలి.

ఈ చర్చ మనకెందుకంటారా? జె.సి. డానియెల్ తీసిన తొలి మలయాళ మూకీ ‘విగతకుమారన్’లో దళిత స్త్రీ పి.కె. రోజీ నాయర్ స్త్రీగా నటించింది. తిరువనంతపురంలో ప్రదర్శన రోజు అగ్రకులాలవాళ్ళు ఓర్వలేక దాడికి దిగారు. ఆమె ఊరే విడిచిపోవాల్సి వచ్చింది. సినిమా ప్రింటు లేదు. ఆ కథ 2013లో ‘సెల్యులాయిడ్’ అనే ఫీచర్ సినిమాగా వచ్చింది, అదీ డానియెల్ జీవితకథగా. స్వాన్సన్ ఎదుట పెట్టినట్టు రోజీ ఎదుట కెమెరా ఎవరూ పెట్టలేదు. స్పెయిన్‌లో వెతికితే మిషో ప్రింటయినా దొరికింది. రోజీ మాటని ఏ ఆర్కైవులో వెతకాలి?

నటించిన, పాడిన, డప్పు కొట్టిన, సెట్లు మోసిన మన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట రికార్డు చేయాలి. ఆ రికార్డు మీద హక్కు మాట్లాడినవాళ్ళకీ, వాళ్ళ పిల్లలకీ ఉండేలా అప్పుడే కాగితం రాసుకోవాలి. బ్రౌన్‌లో దగ్గర నేర్చుకోవాల్సింది మొదటి పని. ఆ సీరీస్ పెట్టెలో పడిన తీరు చూసి నేర్చుకోవాల్సింది రెండోది.